లెక్కలంటే భయం, స్పానిష్ అంటే ఇష్టం, చదవాలనుకున్నది పల్లె గురించి

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది పొన్నూరు దగ్గర పల్లెటూరు. గుంటూరులో బీఏ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. నాన్నగారు మూడెకరాలు కౌలుకు చేస్తారు. వరి, దాని వెనక మొక్కజొన్న. నాకు సోషియాలజీలో ఎంఏ చేసి గ్రామీణ సమాజశాస్త్రం వైపు వెళ్ళాలని ఉంది. సిలబస్‌లో సోషల్ స్టాటిస్టిక్స్ పేపరు చూడగానే గుండె జారిపోయింది. పదో తరగతితోనే లెక్కలు వదిలేశాను. ఆ పేపరు లేని యూనివర్సిటీ ఏదైనా ఉంటే చెప్పగలరా? ఇంకో సంగతి. ఏడాదిన్నరగా ఫోన్‌లో స్పానిష్ నేర్చుకుంటున్నాను. అది మానేయడానికి మనసొప్పడం లేదు. ఎంఏ బదులు హైదరాబాద్ వెళ్ళి స్పానిష్ డిగ్రీ చేయనా అనీ ఉంది. నాన్నగారేమో 'పొన్నూరులో ఆ భాష ఎవరితో మాట్లాడతావమ్మా' అంటున్నారు. అన్నయ్య బీఈడీ చేయమంటున్నాడు. 'పల్లెలో పుట్టినదానివి, పల్లె గురించి కాలేజీకెళ్ళి చదివేదేముందే' అని పిన్ని అడిగితే జవాబు చెప్పలేకపోయాను. ఈ మూడింటిలో దేన్ని పట్టుకోవాలి, దేన్ని వదలాలి?

జవాబు: తల్లీ, ముందు నీకు నచ్చని మాటే చెబుతాను. స్టాటిస్టిక్స్ పేపరు లేని ఎంఏ కోసం వెతకొద్దు. ఎక్కడైనా దొరికినా అందులో చేరొద్దు. ఆ పేపరు నిన్ను భయపెట్టడానికి సిలబస్‌లో పెట్టింది కాదు. నీకు పల్లె మీద ఉన్న ప్రేమను నలుగురు నమ్మే మాటగా మార్చేది అదే. ఎందుకంటున్నానో నాకు జరిగింది చెబుతాను.

పరిశోధక విద్యార్థిగా నేను మొదటిసారి సర్వేకు వెళ్ళింది కృష్ణా డెల్టాలో ఒక ఊరికి. ముందు రోజు రాత్రంతా వాన. అందరూ ఇళ్ళలోనే దొరికారు, నా అదృష్టం అనుకున్నాను. చేతిలో అచ్చేసిన ఫారాలు. 'మీరేం చేస్తుంటారమ్మా' అని అడగడం, 'ఏముందమ్మా, ఇంట్లోనే ఉంటాను' అని వాళ్ళనడం, 'గృహిణి' అని నేను రాసుకోవడం. సాయంత్రానికి నలభై ఇళ్ళు పూర్తయ్యాయి. మర్నాడు మిగతా ఇళ్ళకని వెళితే ఊళ్ళో ఆడవాళ్ళు లేరు. చేలగట్టు దాకా నడిచి వెళ్ళి చూశాను. నిన్న నాతో మాట్లాడినవాళ్ళంతా వరసగా వంగి నాట్లు వేస్తున్నారు. వాళ్ళు అబద్ధం చెప్పలేదు. వాన రోజున, ఇంటి అరుగు మీద, చదువుకున్న అమ్మాయి 'ఏం చేస్తారు' అని అడిగితే, ఉద్యోగమేమైనా ఉందా అని అడుగుతోందనుకున్నారు. నా ప్రశ్నే తప్పు.

ఆ రాత్రి ప్రశ్నలు మార్చి రాసుకున్నాను. నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏమేం చేశారు? ఈ నెలలో ఎన్ని రోజులు కూలికి వెళ్ళారు? గేదెకు మేత ఎవరు కోసుకొస్తారు, పాలు ఎవరు పిండుతారు, ఆ పాల డబ్బు ఎవరి చేతికొస్తుంది? నలభై ఇళ్ళకూ మళ్ళీ తిరిగాను. రెండోసారి వచ్చిన లెక్కకూ మొదటిదానికీ పోలికే లేదు. దేశమంతటా జరిగే నేషనల్ శాంపిల్ సర్వేలో ఇలాంటి స్త్రీలను నమోదు చేయడానికి రెండు కోడ్‌లున్నాయి. కేవలం ఇంటిపనే చేసేవారికి 92. ఇంటిపనితోపాటు పుల్లలు ఏరుకురావడం, ఇంటి అవసరానికి బట్టలు కుట్టడం లాంటివి చేసేవారికి 93. నాట్లు వేసి ఇంటికొచ్చి వంట చేసే మనిషి ఈ రెంటిలోకీ రాదు, ఆమె శ్రామికురాలు. అడిగేవాళ్ళు సరిగా అడగకపోతే ఆమె 92లోనే మిగిలిపోతుంది. ఆ పొరపాటు ఒక ఊరిలో నలభై ఇళ్ళకు జరిగితే ఒక సంగతి, దేశమంతా జరిగితే ఇంకో సంగతి.

ఇప్పుడు చెప్పు, నేను ఆ రాత్రి చేసింది సమాజశాస్త్రమా, గణాంకశాస్త్రమా? ఇప్పటికీ నేను విడదీసి చెప్పలేను.

మీ ఇంట్లోదే ఇంకో ఉదాహరణ. ఎవరైనా వచ్చి 'మీకు పొలం ఎంత?' అని అడిగితే మీ నాన్నగారు 'లేదండి' అంటారు. నిజమే కదా. ఆ ఒక్క ప్రశ్నతో ఆయన రైతుల లెక్కలోంచి తప్పుకుంటారు. 'ఎంత సాగు చేస్తున్నారు, అందులో సొంతం ఎంత, కౌలు ఎంత, కౌలు ఎన్ని బస్తాలు, కాగితం ఏదైనా రాసుకున్నారా' అని అడిగితేనే ఆయన రైతుగా కనిపిస్తారు. నువ్వు కౌలు రైతు కూతురివి కాబట్టి ఈ ప్రశ్న నీకు తోచినంత తొందరగా పట్నంలో పుట్టినవాళ్ళకు తోచదు. నీ దగ్గరున్న పెట్టుబడి అదే.

ఇక లెక్కల భయం. ఎంఏ స్థాయి సోషల్ స్టాటిస్టిక్స్‌కు కావలసిన గణితం నువ్వు పదో తరగతి దాకా చేసినదే. కూడికలు, భాగహారాలు, శాతాలు, వర్గమూలం, గ్రాఫు చదవడం. మిగతాదంతా ఆలోచన. ఇన్నేళ్ళలో ఆ పేపరు తప్పిన పిల్లల్ని చాలామందినే చూశాను. భాగహారం రాక తప్పినవాళ్ళు తక్కువ. మీన్, మీడియన్, స్టాండర్డ్ డీవియేషన్ అని ఇంగ్లిషులో బట్టీ పట్టి, అవి దేన్ని కొలుస్తాయో ఎప్పుడూ ఊహించుకోక తప్పినవాళ్ళే ఎక్కువ. అందుకని ముందు వాటిని తెలుగులో తెచ్చుకో. అంకమధ్యమం, మధ్యగతం, బాహుళకం, ప్రామాణిక విచలనం, సహసంబంధం (కోరిలేషన్). ఇంటర్ ఎకనామిక్స్‌లో వీటిలో కొన్ని చదివే ఉంటావు. ఆ పుస్తకం అటక మీద ఉంటే దించు.

ఒక చిన్న లెక్క చేద్దాం. మీ వీధిలో పది ఇళ్ళున్నాయనుకో. ఒక ఇంటికి 41 ఎకరాలు. మూడు ఇళ్ళకు మూడేసి ఎకరాలు. ఆరు ఇళ్ళకు సెంటు కూడా లేదు. మొత్తం 50 ఎకరాలు, పది ఇళ్ళు. అంకమధ్యమం, అంటే సగటు, ఇంటికి 5 ఎకరాలు. కాగితం మీద అదొక కలిగిన వీధి. ఇప్పుడు ఆ పది ఇళ్ళనూ భూమి ప్రకారం తక్కువ నుంచి ఎక్కువకు వరసగా నిలబెట్టి మధ్యలో ఉన్న ఇంటిని అడుగు, నీకెంత ఉందని. సున్నా. అదే మధ్యగతం. బాహుళకం, అంటే ఎక్కువ ఇళ్ళలో కనిపించే అంకె, అదీ సున్నాయే. ఒకే వీధి, మూడూ సరైన లెక్కలే. ఏ అంకె ముందు పెట్టి మాట్లాడుతున్నారో చూస్తే, మాట్లాడేవాళ్ళు ఎవరి ఇంటి అరుగు మీద కూర్చున్నారో తెలిసిపోతుంది. ఇది అర్థమైతే మొదటి యూనిట్ నీకు వచ్చేసినట్టే.

నమూనా సర్వే సంగతీ అంతే. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలని మనవాళ్ళంటారు. నిజమే, గంజి అంతటా సమంగా మరిగిన గిన్నెలో చాలు. అడుగంటి పైన పలుకుగా ఉన్న గిన్నెలో ఏ మెతుకు పట్టుకున్నావన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. మన ఊళ్ళు అలాంటి గిన్నెలు. రామాలయం వీధి ఒకలా ఉంటుంది, ఊరి చివర ఎస్సీ కాలనీ ఒకలా ఉంటుంది, కాలవ గట్టు మీద గుడిసెలు ఇంకొకలా. అందుకే ఊరిని ముందు పొరలుగా విడదీసి, ప్రతి పొరలోంచీ కొన్ని ఇళ్ళను లాటరీ వేసి తీసుకోవాలి. దీన్నే స్ట్రాటిఫైడ్ శాంప్లింగ్ అంటారు. పేరు వినగానే బెదిరిపోతారు గానీ, ఊళ్ళో ఎవరు ఎక్కడుంటారో తెలిసినవాళ్ళకు ఇందులో కొత్త ఏమీ లేదు.

మన ప్రాంతపు పిల్లలు ఈ శాస్త్రానికి భయపడుతుంటే నాకు బాధేస్తుంది. సి.ఆర్. రావు గారి పేరు విన్నావా? నూజివీడులో, నందిగామలో బడికి వెళ్ళిన పిల్లవాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎంఏ చేసి, ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్ళి, అక్కడ గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ 1931లో స్థాపించిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. 1945లో, పాతికేళ్ళు నిండీ నిండని వయసులో, ఆయన అచ్చేసిన ఒక్క వ్యాసంలోని ఫలితాన్నే ఇవాళ ప్రపంచమంతా క్రామర్-రావు అసమానత అని చదువుకుంటోంది. ఒక అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో దానికి హద్దు చెప్పే సూత్రమది. 2023లో, నూటమూడో ఏడు రాబోతుండగా, ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ అందుకున్నారు. అదే ఏడాది ఆగస్టులో కన్నుమూశారు. ఆయన అంతటిదానివి కమ్మని కాదు. నందిగామ బడిలోంచి వెళ్ళిన దారి ఒకటి ఉందని తెలియాలని.

ఫలితాల కోసం ఆగకుండా ఈ నెలలోనే ఒక పని మొదలుపెట్టు. 2011 జనగణనలో ప్రతి ఊరికీ విడిగా లెక్క ఉంది, నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ప్రైమరీ సెన్సస్ ఆబ్‌స్ట్రాక్ట్ అంటారు. అందులో మీ ఊరి వరస వెతుకు. ఇళ్ళెన్ని, మనుషులెంతమంది, ఆరేళ్ళ వరకు పిల్లలు, అక్షరాస్యులు, సాగుదారులు, వ్యవసాయ కూలీలు, ఆడా మగా విడివిడిగా. ఏడాదిలో ఆరు నెలలు, అంతకు మించి పని చేసినవారు ముఖ్య శ్రామికులు, అంతకంటే తక్కువైతే ఉపాంత శ్రామికులు. ఆ అంకెల్ని నోట్‌బుక్‌లో ఎక్కించుకుని, వాటిలో నీకు నమ్మకం కుదరనిదాన్ని ఒకటి పట్టుకో. మీ వీధిలో పాతిక ఇళ్ళకు వెళ్ళి నువ్వే అడిగి చూడు. పాతిక ఇళ్ళతో ఏదీ రుజువు కాదు, కానీ ప్రశ్న అడగడం వస్తుంది.

ఒక చోట మాత్రం జాగ్రత్త. 2011లో గుంటూరు జిల్లా జనాభా 48.88 లక్షలు. ఆ గుంటూరు జిల్లా ఇప్పుడు లేదు. 2022 ఏప్రిల్‌లో దాంట్లోంచి పల్నాడు, బాపట్ల జిల్లాలు విడిపోయాయి. ఇప్పటి గుంటూరు జిల్లా అంకెను తెచ్చి పాత గుంటూరు అంకె పక్కన పెట్టి 'తగ్గింది' అని రాసిన ప్రాజెక్టులు నేనే దిద్దాను. ఎప్పుడు పోల్చినా మండలాలవారీగా కూడుకుని పోల్చాలి.

ఇక పిన్నిగారి ప్రశ్న. నిజానికి నీ ఉత్తరంలో అన్నిటికంటే మంచి ప్రశ్న అదే.

పల్లెలో పుట్టినవాళ్ళకు పల్లె కనిపించదమ్మా. కంటికి మరీ దగ్గరగా పెట్టుకున్న అక్షరం చదవగలమా? అందుకే శాస్త్రం కావాలి. అమెరికాలో గ్రామీణ సమాజశాస్త్రానికి దారి వేసినవాళ్ళలో చార్లెస్ గాల్పిన్ అని ఒకాయన ఉన్నాడు. విస్కాన్సిన్ రాష్ట్రంలో వాల్వర్త్ అనే కౌంటీని పరిశీలించి 1915లో ఒక నివేదిక అచ్చేశాడు. రైతుల ఇళ్ళు చేలల్లో ఎక్కడికక్కడ విసిరేసినట్టుండే ప్రాంతమది. ఇలాంటిచోట ఊరు అనేది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది? ఆయన బళ్ళ చక్రాల జాడలు చూశాడు. ఇంటి బాట పెద్ద రోడ్డులో కలిసేచోట చక్రాల గాడి ఏ పక్కకు తిరిగిందో చూస్తే, ఆ ఇల్లు ఏ పట్నంతో ముడిపడి ఉందో తెలుస్తుంది. సరుకులకు ఎటు, బ్యాంకుకు ఎటు, చర్చికి ఎటు, బడికి ఎటు అని ఒక్కోదానికి ఒక్కో పటం గీశాడు. అవన్నీ ఒకదాని మీద ఒకటి పెడితే సమాజం సరిహద్దులు కనబడ్డాయి.

నువ్వు మీ ఊరి సెంటర్‌లో ఒక పూట నిలబడు. పాలబండి ఎటు తిరిగింది? వడ్ల లారీ ఎటు? పురుగుమందులకు పొన్నూరు, పెళ్ళి చీరలకు తెనాలో గుంటూరో, ఆపరేషన్ అయితే గుంటూరు పెద్దాసుపత్రి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి హైదరాబాదు, ఆపైన డల్లాస్. ఏ వీధివాళ్ళు ఎంత దూరం తిరుగుతున్నారు, ఏ వీధివాళ్ళు ఊరు దాటట్లేదు? ఇది పిన్నిగారికీ తెలుసు, ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు. ఆవిడతోనే మొదలుపెట్టు.

మన దేశంలోనూ ఈ పని పెద్దవాళ్ళు చేసి చూపించారు. హైదరాబాద్ పక్కన శామీర్‌పేటను ఎస్.సి. దూబే అధ్యయనం చేశారు. అది 1955లో పుస్తకంగా వచ్చింది. మీ పక్కనే నిడుబ్రోలులో పుట్టిన ఎన్.జి. రంగా గారు ఆక్స్‌ఫర్డ్‌లో చదివి వచ్చి, 1930లలో అదే ఊళ్ళో రైతు కార్యకర్తల కోసం విద్యాలయం నడిపారు. గుంటూరు లాంలోని వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఆయన పేరే. అక్కడ బీఎస్సీ అగ్రికల్చర్ పిల్లలూ గ్రామీణ సమాజశాస్త్రం ఒక కోర్సుగా చదువుతారు. నేల ఎలా ఉందో తెలిస్తే చాలదు, దాన్ని ఎవరు దున్నుతున్నారో తెలియాలని కదా.

దూరమెందుకు, అమరావతి చూడు. 2015లో భూసమీకరణ మొదలైంది. 29 గ్రామాలు, 33 వేలకు పైగా ఎకరాలు. భూమి ఇచ్చిన రైతుకు ఏటా ప్రభుత్వం ఇచ్చే డబ్బును జనం 'కౌలు' అనే పిలుస్తారు. ఆ మాట దగ్గర ఒక్క క్షణం ఆగు. అదివరకు కౌలు చెల్లించేది దున్నేవాడు, పుచ్చుకునేది భూమి ఉన్నవాడు. ఇప్పుడు చెల్లించేది ప్రభుత్వం, పుచ్చుకునేది మళ్ళీ భూమి ఉన్నవాడే. దున్నినవాడు ఎటు వెళ్ళాడు? భూమి లేని కుటుంబాలకు నెలకు 2,500 రూపాయల పింఛను పెట్టారు. కలుపు తీసేవాళ్ళు, పూలు కోసేవాళ్ళు, అరటి గెలలు మోసేవాళ్ళు ఇప్పుడు పొద్దున్నే ఏ ఆటో ఎక్కి ఎటు వెళ్తున్నారు? గుంటూరుకు ముప్పై నలభై కిలోమీటర్ల దూరంలో ఇంత పెద్ద మార్పు జరుగుతుంటే, దాన్ని లెక్కగా, మనుషుల మాటగా రాసిపెట్టే తెలుగు పిల్లలు ఎంతమంది కావాలి! అందులో నువ్వు ఒకదానివి కావాలని నా కోరిక.

స్పానిష్ దగ్గరికి వద్దాం. దాన్ని వదలమని చెబుతానని భయపడి ఉంటావు. వదలొద్దు. నువ్వు దాన్ని ఇంగ్లిషు మీదుగా నేర్చుకుంటున్నట్టున్నావు, ఆ యాప్‌లు చాలావరకు అలాగే చెబుతాయి. ఇంగ్లిషును కాస్త పక్కకు జరిపి తెలుగు మీదుగా చూడు. ఎంత దగ్గరగా వస్తుందో! ఇంగ్లిషులో 'నేను కాఫీని ఇష్టపడతాను' అనే తీరుంటుంది. స్పానిష్‌లో 'మె గుస్త ఎల్ కఫే'. 'మె' అంటే నాకు. నాకు కాఫీ ఇష్టం. తలనొప్పి వస్తే 'మె దుయెలె ల కబేస', నాకు తల నొప్పిగా ఉంది. ఇంగ్లిషువాళ్ళు ఈ పాఠం దగ్గర వారాలు తంటాలు పడతారు, నీకు అది అమ్మ చెప్పిన వాక్యమే. నువ్వు, మీరు అన్న తేడా వాళ్ళకూ ఉంది, తు, ఉస్తెద్. క్రియలోనే మనిషి తెలిసిపోతాడు కాబట్టి 'నేను' అని ప్రతిసారీ చెప్పక్కర్లేదు. 'వెళ్తున్నా' అంటే ఎవరని మనం అడుగుతామా? ఇంగ్లిషు టీ అక్షరం మన నోట్లో 'ట' అవుతుంది, స్పానిష్‌ది అచ్చంగా 'త'. వాళ్ళ ఎన్యె మన 'ఞ'కు దగ్గరి ధ్వని. పాత బండి 'ఱ' గుర్తుందా? పెరో అంటే 'కానీ', అందులోని 'ర'ను బండి 'ఱ'లా గట్టిగా దొర్లిస్తే కుక్క. కష్టపడాల్సింది రెండు చోట్ల. ప్రతి వస్తువుకూ ఆడా మగా లింగం ఉంటుంది, పట్టికలా కాకుండా మాటతోపాటే గుర్తుంచుకోవాలి. ఇక 'ఉండటం'కు వాళ్ళకు రెండు క్రియలు, సేర్, ఎస్తార్. అది పుస్తకంతో తేలదు, వినగా వినగా రావాలి.

పొన్నూరులో ఎవరితో మాట్లాడతావన్న నాన్నగారి ప్రశ్న న్యాయమైనదే. ఆయన చేలో నిలబడే జవాబు చెప్పు. ఆయన వేసే మొక్కజొన్న పుట్టిల్లు దక్షిణ మెక్సికో. 9 వేల ఏళ్ళ కిందట అక్కడి గడ్డిజాతి మొక్క ఒకదాన్ని రైతులు తరతరాలుగా మచ్చిక చేస్తే వచ్చిన పంట అది. స్పానిష్‌లో మాయీస్. మన మిరపకాయదీ ఆ వైపు పుట్టుకే. మెక్సికోలో చీలే అంటారు, పెరూలో అహీ అంటారు, స్పెయిన్ దేశంలో పిమియెంతో. మెక్సికో చిన్న రైతు మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి ఒకే చేలో వేస్తాడు, ఆ చేనుకు మిల్పా అని పేరు. మన అంతరపంట లాంటిదే. విప్లవం తర్వాత 1917 రాజ్యాంగం అక్కడ ఊళ్ళకు ఉమ్మడిగా భూమి ఇచ్చింది. ఆ భూమిని ఎహీదో అంటారు. 1992 దాకా చట్టప్రకారం దాన్ని అమ్మడానికీ కౌలుకివ్వడానికీ వీల్లేదు. తర్వాత చట్టం మారింది. 1994 జనవరి 1 నుంచి అమెరికాతో స్వేచ్ఛా వ్యాపార ఒప్పందం అమల్లోకి వచ్చింది. సరిగ్గా అదే రోజు చియాపాస్ రాష్ట్రంలో రైతులు తిరగబడ్డారు. కౌలు రైతుకు, మొక్కజొన్న ధర కోసం ఎదురుచూసే రైతుకు ఇది పరాయి కథ ఎలా అవుతుంది? ఒక రాత్రి భోజనాల దగ్గర నాన్నగారికి ఇది చెప్పి చూడు. ఆయన అడిగే ప్రశ్నలు రాసుకో, అవే నీ పరిశోధన ప్రశ్నలు కావచ్చు.

పల్లె, లెక్కలు, స్పానిష్, ఈ మూడూ ఒక్కచోట కలిసే పని ఇప్పటికే జరిగింది. 1997లో మెక్సికో ప్రభుత్వం ప్రొగ్రెసా అనే పథకం పెట్టింది. పిల్లల్ని బడికి పంపితే, ఆరోగ్య పరీక్షలకు తీసుకొస్తే తల్లుల చేతికి డబ్బు. మన అమ్మఒడికి, ఇప్పటి తల్లికి వందనానికి ముందుతరం అనుకో. పరిశీలనకు 506 పల్లెలు తీసుకుని లాటరీ వేశారు. 320 పల్లెలకు ముందు ఇచ్చారు, 186 పల్లెలకు తర్వాత. ఆ మధ్య కాలంలో రెండు గుంపుల్నీ పోల్చి, డబ్బు వల్ల పిల్లలు నిజంగా బడికి వెళ్ళారా అని తేల్చారు. పథకాల్ని ఇలా కొలవడానికి ప్రపంచమంతా దాన్నే నమూనాగా చూపిస్తారు. దాని మొదటి ఫారాలు, ఊరివాళ్ళ మాటలు స్పానిష్‌లో ఉన్నాయి.

కొలంబియాలో ఒర్లాందో ఫాల్స్ బొర్దా అని ఇంకొకాయన. అమెరికాలో చదువుకుని వచ్చి సౌసీయో అనే కొండపల్లెను అధ్యయనం చేశాడు. 1959లో కొలంబియా జాతీయ విశ్వవిద్యాలయంలో సోషియాలజీ విభాగం స్థాపించాడు. తర్వాత ఆయనకు ఒక బాధ పట్టుకుంది. రైతుల దగ్గర సమాచారం పట్టుకుపోయి పట్నంలో పుస్తకం వేస్తున్నాం, వాళ్ళకు తిరిగి ఇస్తున్నదేమిటని. తీరప్రాంతపు రైతుల గురించి నాలుగు సంపుటాలు రాసినప్పుడు ఎడమ పేజీలన్నీ ఊరివాళ్ళు చదువుకునే కథనం, కుడి పేజీలన్నీ పరిశోధకుల కోసం సిద్ధాంతం పెట్టాడు. ఆ నలభై ఇళ్ళకు నేను ఏమీ తిరిగి ఇవ్వలేదు, నా థీసిస్ ఇంగ్లిషులో ఉంది. ఆయన గురించి చదివినప్పుడల్లా ఆ ఊరే గుర్తొస్తుంది.

సరే, దేన్ని ముందు పట్టుకోవాలి. ఎంఏ సోషియాలజీకే వెళ్ళు. స్పానిష్‌ను రోజుకు ముప్పావుగంట చొప్పున పక్కన నడిపించు. స్పానిష్ బీఏకు హైదరాబాద్‌లో ఇఫ్లూ (ఇంగ్లిషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) మంచి చోటే, కాదనను. కానీ అది మళ్ళీ మొదటి నుంచి ఇంకో డిగ్రీ. సాహిత్యమో అనువాదమో నీ జీవితం అనిపిస్తేనే అటు వెళ్ళాలి. నీ ఉత్తరంలో నాకు కనిపించింది పల్లె. దూరవిద్య నడిపే ఇగ్నోలో స్పానిష్ సర్టిఫికెట్ కోర్సు ఉంది, ఆ విశ్వవిద్యాలయానికి విజయవాడలో ప్రాంతీయ కేంద్రం ఉంది, ఎంఏతోపాటు చేసుకోవచ్చు. భాషకు ఎ1 నుంచి సి2 దాకా ఆరు మెట్లు. ఎ1, ఎ2 సర్టిఫికెట్లతో ఎవరూ ఉద్యోగం ఇవ్వరు, ఆ మాట చెప్పి డబ్బు కట్టించుకునే కోచింగ్‌ల జోలికి పోకు. బి2 దాటితే అప్పుడు వేరే సంగతి, వ్యాసాలు నువ్వే చదువుకోగలుగుతావు.

యూనివర్సిటీల మాటకొస్తే, మన రాష్ట్రంలోని వాటికి పీజీసెట్ రాయాలి. గుంటూరు, విజయవాడల మధ్యనే నాగార్జున ఉంది, ఇంటి నుంచి తిరగొచ్చు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ. ఎక్కడైనా చేరేముందు ఆ విభాగంలో రెండో ఏడాది చదివే పిల్లల్ని పట్టుకుని రెండు సంగతులు అడుగు. స్టాటిస్టిక్స్ పేపరు నోట్సు చెప్పి వదిలేస్తారా, నిజమైన డేటా ఇచ్చి చేయిస్తారా? డిసర్టేషన్‌కు ఎన్ని రోజులు ఊళ్ళో ఉండనిస్తారు? పేరున్న క్యాంపస్‌లో నోట్సు కంటే, పేరు లేని చోట పదిహేను రోజులు ఊళ్ళో ఉంచే మాస్టారు మేలు. నేషనల్ శాంపిల్ సర్వే ముడి డేటా ఉచితంగా దొరుకుతుంది, ఆర్ అనే సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే. క్లాసులో చేయించకపోయినా నువ్వు చేసుకోవచ్చు.

అన్నయ్యతో గొడవ పడొద్దు. ఇంటి పరిస్థితి చూసి అంటున్నాడు. బీఈడీ ఎంఏ తర్వాత కూడా చేయొచ్చని, సోషియాలజీలో యూజీసీ నెట్ పరీక్ష పాసైతే పరిశోధనకు స్కాలర్‌షిప్‌గానీ లెక్చరర్ అర్హతగానీ వస్తుందని, డేటా చేయడం వచ్చినవాళ్ళకు సర్వే సంస్థల్లో, గ్రామీణాభివృద్ధి ప్రాజెక్టుల్లో పని దొరుకుతుందని చెప్పు. వాళ్ళు ముందు అడిగేది అదే, నీకు డేటా చేయడం వచ్చా అని. ఫెలోషిప్ వచ్చేదాకా ఇల్లు ఆగలేదంటే బీఈడీ ముందు చేసినా నేరమేమీ కాదు, నోట్‌బుక్ మాత్రం ఆపకు.

ఆ పాతిక ఇళ్ళూ తిరిగాక నాకు మళ్ళీ ఉత్తరం రాయి. అంకెలతోపాటు, నువ్వు అడిగిన ప్రశ్నల్లో ఏది పని చేయలేదో, ఎవరింట్లో ఏ ప్రశ్నకు ఊరుకున్నారో అదీ రాయి. వాన లేని రోజు చూసుకుని, పొద్దువాలాక వెళ్ళు.